రంగు పొరకో శతాబ్దం

బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మను యాంటీసెప్టిక్ నీళ్ళలో నానబెట్టడం చట్టరీత్యా నేరమని నాకు తెలియదు. తెలియకపోవడం సాకు కాదని ఆ చట్టమే అంటుంది కాబట్టి, ఆ నేరం నేను చేశానని ముందే ఒప్పేసుకుని మిగతా సంగతి చెబుతాను.

గుండ్లగట్టు మెయిన్ రోడ్డు మీద నాకో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వెనక గదుల్లో కాపురం. ఆదివారం సాయంత్రాలు నేనూ, సైకిల్ షాపు యాకూబూ, మరో ఇద్దరు మిత్రులూ బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడతాం. తలా ఒక పాత్ర ఎత్తుకుని, పాచికలు వేస్తూ, గుహల్లోకీ కోటల్లోకీ దూరి, రాక్షసుల్ని కొడుతూ కథ అల్లుకుంటూ పోవడమే ఆట. ఎవరి పాత్రకు వాళ్ళ బొమ్మ ఉంటుంది, గడులు గీసిన అట్ట మీద దాన్ని జరుపుతాం. యాభై దాటిన మగాళ్ళు బొమ్మలతో ఆడటమేమిటని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళున్నారు. వాళ్ళు పేకాడుతూ నవ్వుతారు కాబట్టి నేను పట్టించుకోను.

పోయిన ఆటలో నా పాత్ర కాస్తా మొసలి నోట్లో పడింది. కొత్త పాత్రకు కొత్త బొమ్మ కావాలి. కొత్తది కొనాలంటే ధర చూసి కళ్ళు తిరుగుతాయి కనుక హైదరాబాదులో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత బొమ్మల గుట్టలో వెతికి ఒకణ్ణి పట్టుకొచ్చాను. పొట్టిగా, బలంగా, గొడ్డలి ఎత్తి నిలబడ్డ యోధుడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే విరిగిపోయింది. నాకంటే ముందు వాణ్ణి ఏలిన మహానుభావుడెవరో గానీ, రంగు వేయలేదు, పులిమాడు. పైన ఇనుప గేట్లకు వేసే ఆకుపచ్చ, గీరితే దాని కింద గోళ్ళరంగు ఎరుపు, దాని కింద వెండి. ముక్కెక్కడో, మూతెక్కడో ఆ భగవంతుడికే తెలియాలి.

పాత బొమ్మ కొన్నవాడి మొదటి పని రంగు వదిలించడం. ఒక రాత్రంతా నానబెట్టి పళ్ళ బ్రష్షుతో మెల్లగా తోమాలి. ఆరాక బూడిద రంగు పూత ఒకటి వేసి, ఆపైన నీళ్ళు కలిపిన రంగు పలుచగా వేసుకుంటూ రావాలి. పలుచగా ఎన్నిసార్లు వేసినా ముఖం నిలుస్తుంది. చిక్కగా ఒక్కసారి వేస్తే చాలు, ముఖం పోతుంది. ఈ విద్యలో ఉన్న వేదాంతమంతా ఇంతే.

వాడికి ఏ రూపు ఇవ్వాలో కూడా నేను ముందే అనుకున్నాను. నా దుకాణానికి ఎదురుగా, రోడ్డు మలుపులో, ఒక వీరగల్లు ఉంది. నడుమెత్తు నల్లరాయి. ఎవరో ఒక మనిషి ఏ ఊరి పశువుల కోసమో పోరాడి చచ్చిపోతే, అతని జ్ఞాపకంగా చెక్కి నిలబెట్టారు. కింద అతను కత్తి ఎత్తి ఉంటాడు. పైన ఇద్దరు స్త్రీలు అతన్ని చెరో చెయ్యి పట్టుకుని స్వర్గానికి తీసుకెళ్తుంటారు. ఆ ముఖంలో భయం లేదు, గర్వం కూడా లేదు. పని పూర్తి చేసి ఇంటికెళ్తున్న మనిషి ముఖం. ఎన్ని వందల ఏళ్ళ ఎండావానా తిన్నా ఆ ముఖం చెక్కుచెదరలేదు. నాకది ప్రాణం. దుమ్ము పట్టినప్పుడల్లా మెత్తటి బ్రష్షుతో, మంచినీళ్ళతో కడిగేవాణ్ణి.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రాయి మీద కూడా తొలగింపు గుర్తు గీసి వెళ్ళారు. సుద్దతో గీశారు కాబట్టి కడిగేశాను గానీ, జేసీబీని కడగలేను కదా. ప్రాచీన వారసత్వ పరిరక్షణ మండలికి అర్జీల మీద అర్జీలు పెట్టాను. "మీ అర్జీ పరిశీలనలో ఉన్నది" అని ఒకసారి, "మీ అర్జీ పరిశీలనలో లేదు" అని ఇంకోసారి జవాబు వచ్చింది. రెండింటికీ తేడా నాకేమీ కనిపించలేదు.

సరిగ్గా అప్పుడే మండలివారికి ఒక కొత్త ఉత్సాహం పుట్టింది. దాని పేరు "ఇంటింటా చరిత్ర". ప్రతి జిల్లా ఇన్నేసి ప్రాచీన వస్తువుల్ని ఇళ్ళలోంచి కనిపెట్టి చూపించాలి. చూపించలేని జిల్లాకు చరిత్ర లేనట్టు లెక్క, ఆ జిల్లా అధికారికి ప్రమోషన్ లేనట్టు లెక్క. మా జిల్లా సున్నా దగ్గర ఉంది.

మా ఇంటికి హారిక అనే అమ్మాయి వచ్చింది. పక్క వీధే. ఆమెను మండలివారు వారసత్వ మిత్రగా నియమించి, ఒక టోపీ, ఒక యాప్ ఇచ్చారు.

"అంకుల్, మీ ఇంట్ల పాతవేమన్న ఉన్నయా?" అని అడిగింది.

"నేనున్నాను. మీ ఆంటీ ఉంది," అన్నాను.

హారిక నవ్వలేదు. యాప్‌లో ఆ జవాబుకు చోటు లేదు. ఆమె చూపు బల్ల మీద గిన్నె దగ్గర ఆగింది. "గదేంది అంకుల్, గిన్నెల?"

"ఏం లేదమ్మా, ఆడుకునే బొమ్మ. పాత రంగు వదిలిస్తున్నా."

ఆ అమ్మాయి ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. ఫోన్ తీసి ప్రశ్నలు చదువుకుంటూ తనే జవాబులు నొక్కుకుంది. వస్తువు విరిగి ఉన్నదా? ఉన్నది. ఒకటికి మించి రంగు పొరలున్నవా? ఉన్నవి. ఇంటివారు "ఏం లేదు" అన్నారా? అన్నారు. ఆ చివరి జవాబుకు ఫోన్లో సన్నాయి మోగింది.

"ఏం లేదంటే దాచిపెడుతున్నట్టంట అంకుల్. ట్రైనింగ్‌ల చెప్పిన్రు. మీరేం అనుకోకున్రి," అని ఫొటో తీసుకుని, మా ఆవిడ సుగుణ ఇచ్చిన మజ్జిగ తాగి, సంతోషంగా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే దుకాణం ముందు జీపు ఆగింది. మండలి జిల్లా అధికారి చక్రధరరావు దిగాడు. మనిషి సన్నం, గొంతు లావు. ఆయన మాట్లాడితే కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో పప్పు వడ్డించమనడానికి కూడా ఆ భాషే వాడతాడని తర్వాత ఆయన డ్రైవరు చెప్పాడు.

"ఇచ్చట ఒక ప్రాచీన శిల్పమును రసాయన ద్రావణమున ముంచి, దాని చారిత్రక వర్ణస్తరములను ధ్వంసమొనర్చుచున్నట్లు విశ్వసనీయ సమాచారము అందినది. ముంచినవారెవరు?"

"నేనే సార్. అది ప్లాస్టిక్ బొమ్మ. ఫుట్‌పాత్ మీద కొన్నా."

"ఫుట్‌పాత్ మీద!" ఆయన తన వెంట వచ్చిన గుమాస్తా వైపు తిరిగాడు. "వ్రాసికొనుము. అక్రమ రవాణా కోణము కూడ కలదు."

పంచనామా జరిగింది. కూరగాయల బండివాణ్ణీ, కళ్ళజోడు బిగించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన్నీ సాక్షులుగా నిలబెట్టారు. బొమ్మను పట్టకారుతో పైకి తీశారు. ఒక పక్క ఆకుపచ్చ ఊడి వేలాడుతోంది. చక్రధరరావు కళ్ళు మూసుకున్నాడు.

"ఒక శతాబ్దము ఊడినది," అన్నాడు బాధగా.

గుమాస్తా గిన్నెను కూడా గుడ్డలో మూట కడుతుంటే సుగుణ వంటింట్లోంచి వచ్చింది. "అయ్యా, ఆ గిన్నె నాది. పెరుగు తోడేసుకునే గిన్నె. మా ఆయన అడక్కుండా ఎత్తుకొచ్చిండు. గదన్న ఇడిచిపెట్టున్రి."

"గిన్నె సందర్భ సాక్ష్యము తల్లీ. శిల్పమును సందర్భము నుండి విడదీయరాదు."

"మరి పెరుగెందుల తోడెయ్యాలె?"

దానికి నియమావళిలో జవాబు లేనందువల్ల ఆయన టీ అడిగాడు.

ఇంత పెద్ద అధికారి మా గుమ్మం తొక్కడం మళ్ళీ జరగదని నాకు తోచింది. చెయ్యి పట్టుకున్నంత పని చేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. "సార్, అటు చూడండి. ఆ మలుపులో ఉన్నదే నిజమైన వీరగల్లు. వందల ఏళ్ళనాటిది. రోడ్డుకోసం పీకేస్తున్నారు. బొమ్మను మీరు తీసుకెళ్ళండి, గిన్నె తీసుకెళ్ళండి, నన్ను కూడా తీసుకెళ్ళండి. ఆ రాయిని మాత్రం ఆదుకోండి."

ఆయన చూశాడు. చూసి, చాలా ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "పథకము పేరేమి? ఇంటింటా చరిత్ర. ఆ రాయి ఏ ఇంట నున్నది? ఏ ఇంటనూ లేదు. రోడ్డు మీద నున్నది రోడ్ల శాఖ వారి ఆస్తి. మాకు పొరుగు శాఖ వారి ఆస్తిపై కన్ను లేదు."

జీపు వెళ్ళిపోయింది. బొమ్మ ముందు సీట్లో, చక్రధరరావు వెనక సీట్లో కూర్చున్నారు.

ఆ తర్వాత మండలివారు రాజధాని నుంచి డాక్టర్ విద్యుల్లత అనే నిపుణురాల్ని పిలిపించారు. వర్ణస్తర పద్ధతి ఆమె కనిపెట్టిందే. మున్సిపల్ హాల్లో సభ పెట్టి నన్ను కూడా పిలిచారు, నిందితుడిగానో దాతగానో ఇంకా తేలలేదు కాబట్టి మధ్య వరసలో కూర్చోబెట్టారు. తెర మీద నా బొమ్మ ఏనుగంత అయి కనిపించింది.

"ఏ సమాజమైనా తన వీరునికి ఒకసారి రంగు వేసిన పిమ్మట, ఆ రంగుపై విశ్వాసము సన్నగిల్లే వరకు మరొక రంగు వేయదు," అన్నది విద్యుల్లత. "ఒక విశ్వాసము సన్నగిల్లుటకు సగటున శతాబ్ద కాలము పట్టును. కనుక ఒక పొర, ఒక శతాబ్దము. ఈ శిల్పముపై మూడు పొరలు స్పష్టము. అడుగున రజత యుగము, దానిపై రక్త యుగము, దానిపై హరిత యుగము. విరిగిన చేయి యుద్ధములో పోయినది. పొట్టితనము ఆనాటి ఆహార స్థితికి దర్పణము."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, బొమ్మ పీట కింద 1996 అని అచ్చు ఉంది. మీరు చూశారో లేదో."

"చూచితిని. అది జీర్ణోద్ధరణ జరిగిన సంవత్సరము."

"అది ప్లాస్టిక్ కదమ్మా."

ఆమె నొచ్చుకోలేదు. విద్యావంతులు నొచ్చుకోరు, జాలిపడతారు. "మనము నేడు ప్లాస్టిక్ అని వ్యవహరించు పదార్థమును ఆ కాలమున ఏమని వ్యవహరించిరో పరిశోధించవలసి యున్నది. అందుకు నిధులు కావలెను."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. నిధులు అన్న మాటకు మా మున్సిపల్ హాల్లో ఎప్పుడూ గట్టిగానే మోగుతాయి.

బొమ్మ "రక్షిత ప్రాచీన వీర శిల్పం" అయిపోయింది. దొరికిన ఇంట్లోనే ఉంచాలన్నది పథకం నియమం కాబట్టి ఊరేగింపుగా మా ఇంటికే తిరిగొచ్చింది. ముందు గదిలో టీవీ తీసేసి, అక్కడ గాజుపెట్టె పెట్టి, అందులో నిలబెట్టారు. పక్కనే ఇంకో చిన్న గాజుపెట్టెలో సుగుణ పెరుగు గిన్నె. కాపలాకు ఒక మనిషిని వేశారు. మా సోఫాలో పడుకుని కాపలా కాసేవాడు పాపం.

ఆదివారం యాకూబ్ వచ్చి గాజుపెట్టె చుట్టూ తిరిగి చూశాడు. "సోమన్నా, మరి మన ఆటెట్లనే? వీడు లేకుంటే నువ్వెట్లాడ్తవ్?"

అక్కడే ఉన్న చక్రధరరావు అందుకున్నాడు. "శిల్పమును కదల్చుటకు నిషేధము లేదు. కదల్చదలచిన ప్రతి గడికి వారము ముందుగా దరఖాస్తు చేసికొనిన, నిపుణుల సమక్షమున కదల్చబడును."

"రాక్షసుడు మీద పడ్తాంటే వారం ముందుగాల దరఖాస్తు పెట్టాల్నా సారూ?"

"రాక్షసుని పక్షము వారు కూడ పెట్టవలెను," అన్నాడాయన. న్యాయం తప్పే మనిషి కాదు.

ఇంటి గోడకు బోర్డు తగిలించారు. శిల్పం చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ పరిధిలో తవ్వరాదు, కట్టరాదు, కూల్చరాదు, మేకు కొట్టరాదు. పక్కింటివాళ్ళు ఇంటికి సున్నం వేయించుకుంటుంటే సగంలో ఆపించారు. ఎదురు హోటలువాడు దోసెల పెనం పొయ్యి మీదకి ఎక్కించడం నిర్మాణం కిందికి వస్తుందా రాదా అని మూడు రోజులు తేల్చలేకపోతే, ఊళ్ళో ఇడ్లీలే తిన్నారు. అందరూ నన్ను తిట్టారు. నేను కూడా నన్ను తిట్టుకునేవాణ్ణే గానీ, ఆ వారమే జేసీబీ వచ్చింది.

మలుపు దాకా దర్జాగా వచ్చి, రాయి ముందు తొండం ఎత్తింది. నేను కౌంటరు దూకి పరిగెత్తాను. నాకంటే ముందు మా సోఫా కాపలాదారు పరిగెత్తాడు. బోర్డు చూపించాడు. డ్రైవరు కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు, కాంట్రాక్టరు ఇంజనీరుకు చేశాడు, ఇంజనీరు ఎవరికి చేశాడో గానీ, తొండం దిగింది. బండి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. వీరగల్లు మా ఇంటి నుంచి వంద మీటర్ల లోపే ఉంది! ఎన్ని అర్జీలు పెట్టినా కదలని ప్రభుత్వాన్ని ఈ ప్లాస్టిక్ పొట్టివాడు ఒంటి చేత్తో ఆపాడు. నాకు ఏడుపొచ్చింది. యాకూబ్‌ను కావలించుకున్నాను. ఇంటికెళ్ళి గాజుపెట్టెకు దండం పెట్టాను. కాపలాదారు అది చూసి, మర్నాటి నుంచి చెప్పులు విప్పి లోపలికి రమ్మన్నాడు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. శిల్పం వంశపారంపర్యంగా మా ఇంట్లోనే ఉందని నేను సంతకం పెడితేనే నిషేధిత ప్రాంతం చెల్లుతుందట. ఫుట్‌పాత్ మీద కొన్నానంటే కేసు, తాత ఇచ్చాడంటే గౌరవం. పెన్ను పట్టుకుని కూర్చుంటే సుగుణ వెనకాల నిలబడి అడిగింది.

"మీ తాత ప్లాస్టిక్ చూసిండా అసలు?"

"చూడలేదు. కాబట్టి ఆయన కాదని చెప్పలేడు."

సంతకం పెట్టాను. సభలో లేచి ప్లాస్టిక్ ప్లాస్టిక్ అని అరిచిన నోరు మూసుకున్నాను. రాయి కోసం ఆ మాత్రం చెయ్యలేనా అనుకున్నాను. రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే ఎదురుగా ఆ ముఖం కనిపిస్తుంటే, మండలివారు ఇంకో పదికాలాలు ఇలాగే వర్ధిల్లాలని దీవించాను కూడా. నా అంత వెర్రివాడు ఉండడు.

తర్వాత నెలలో ఒకరోజు షట్టర్ ఎత్తి చూస్తే రాయి గుండె మీద కాగితం అంటించి ఉంది. జిగురు కారి కత్తి దాకా వచ్చింది. దగ్గరికెళ్ళి చదివాను. "రక్షిత వీర శిల్పము యొక్క నిషేధిత ప్రాంతమున అనుమతి లేకుండా నిలిచియున్న అక్రమ కట్టడము. ఏడు దినములలో స్వయముగా తొలగని యెడల తొలగించబడును."

స్వయముగా తొలగాలంటే ఆ వీరుడు లేచి నడవాలి. రాయి తరఫున నేనే నడిచి మండలి ఆఫీసుకు వెళ్ళాను. చక్రధరరావూ విద్యుల్లతా పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మా జిల్లా సున్నా దాటినందుకు ఆయనకు శాలువా కప్పిన ఫొటో గోడ మీద ఉంది.

"సార్, ఇదేం అన్యాయం! ఆ బొమ్మ కంటే ఆ రాయి ముందు నుంచీ ఉంది."

"ఆధారము?"

"చూస్తే తెలియదా సార్? రాయి!"

"రాళ్ళు నేడు కూడ లభించుచున్నవి. కట్టడమునకు ముందస్తు అనుమతి కలదా?"

"ఎవరినడుగుతారు సార్? అనుమతి ఇవ్వడానికి అప్పుడు మీ మండలి ఎక్కడుంది?"

"మండలి లేని కాలమున కట్టుట మరింత అక్రమము," అన్నాడు చక్రధరరావు. "అయినను మేము కఠినాత్ములము కాము. ప్రాచీనమని తేలిన యెడల వదలివేసెదము. డాక్టరుగారు స్వయముగా పరిశీలించి వచ్చిరి."

విద్యుల్లత ఫైలు తెరిచింది. "రాతి ఉపరితలమును భూతద్దముతో క్షుణ్ణముగా చూచితిని. ఒక్క రంగు పొర కూడ లేదు. పొరలు సున్న. కనుక శతాబ్దములు సున్న. అది ఇటీవలి వస్తువు."

నేను ఊరుకోలేదు. రాతికి రంగెందుకుంటుందమ్మా అన్నాను. చెక్కినవాళ్ళు రాతిని నమ్ముకున్నారు గానీ రంగు డబ్బాల్ని నమ్ముకోలేదన్నాను. అంత శుభ్రంగా ఉందంటే నేను కడుగుతున్నందువల్లే అన్నాను. ఆ మాట అని ఉండాల్సింది కాదు.

"వీరే ఒప్పుకొనుచున్నారు," అంది ఆమె. "పొరలు ఏవైనా ఉండిన, వీరు కడిగివేసిరి. మొదట శిల్పము, ఇప్పుడు రాయి. వీరిది పాత అలవాటు."

చక్రధరరావు మాత్రం నా ముఖం చూసి కొంచెం కరిగాడు. చెడ్డవాడు కాదాయన, చెడ్డవాడైతే ఏదైనా ఇచ్చి పని చేయించుకునేవాణ్ణి. గొంతు తగ్గించి అన్నాడు. "సోమవారము తుది తనిఖీ. ఆనాటికి పొరలు కనబడినచో, కనబడినవనియే వ్రాయుదుము. కనబడనిచో జేసీబీ సిద్ధము. నియమము మాది, రాయి మీది."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ మనిషి ఏ ఊరి ఆవులకోసమో ఒంటరిగా నిలబడి చచ్చిపోయాడు. అతని పేరు పోయింది, ఊరు పోయింది, ఆవులు పోయాయి. మిగిలిందల్లా ఆ ముఖం. దాన్ని ఉంచుకోవాలంటే దాన్ని పూడ్చాలి.

ఆదివారం ఆట మానేశాం. యాకూబ్ హార్డ్‌వేర్ షాపు నుంచి ఎనామిల్ డబ్బాలు, మూడంగుళాల బ్రష్షులు పట్టుకొచ్చాడు. నేను ఆ డబ్బాల్ని చూసి వెనక్కి తగ్గాను.

"టర్పెంటైన్ కలిపి పలుచగా వేద్దాం యాకూబ్. రెండు మూడు పలుచటి పూతలు. ముఖం పోకుండా."

"పలుచగేస్తే ఆ మేడంకు కనబడ్తదా అన్నా? భూతద్దం పెట్టినా కనబడలే అంటది. పొర అంటే గోకితే లేవాలె."

అతను అన్నది నిజమే. ముందు వెండి రంగు వేశాం. ఎండ గట్టిగా ఉండటంతో తొందరగానే ఆరింది. దాని మీద ఎరుపు. ఎరుపు వేస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ ఆ రాయి పక్కన స్కూటర్లు నిలబెట్టుకున్నవాళ్ళే. ఒకావిడ "మంచిగ అయిందయ్యా ఇప్పుడు, దేవుని లెక్క కొడ్తాంది" అని మెచ్చుకుంది. చివర ఆకుపచ్చ. మూడింటికీ నేను ముఖం దగ్గర ఆగిపోయాను. ఒంటికంతా వేసి ముఖం ఒక్కటీ వదిలేశాను. బొమ్మలకు కనుబొమ్మలు దిద్దే సన్న కుంచె ఇంటి నుంచి తెచ్చి, ముక్కు పక్కగా, పెదవి పక్కగా రంగు నిలవకుండా వెయ్యాలని చూశాను. గేటు రంగు సన్న కుంచె మాట వినదు. కారింది. కంటి గుంటలో చేరి అక్కడే ఆగిపోయింది.

యాకూబ్ నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. "నువ్వు దుకాణంల కూసో పో అన్నా. నేనేస్తా."

నేను పోలేదు. అతని చేతిలో ఉన్న పెద్ద బ్రష్షు తీసుకుని నేనే వేశాను. చిక్కగా, ఒక్కసారే. తర్వాత కడుక్కోవచ్చులే అని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్ష గట్టెక్కనీ, ఈ బొమ్మల పిచ్చి వాళ్ళకు దిగనీ, ఏదో ఒకనాటికి మెల్లగా నానబెట్టి, మెల్లగా తోమి, మళ్ళీ ఆ ముఖాన్ని బయటికి తీస్తాను. ఈ చేత్తో ఎన్ని ముఖాలు తీయలేదు!

సోమవారం విద్యుల్లత వచ్చి చిన్న చాకుతో మోకాలి దగ్గర గోకింది. రంగు వాసన వీధంతా వస్తోంది. ఆమె జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మరీ లెక్కపెట్టింది. "ఆకుపచ్చ, ఎరుపు, వెండి. ఆశ్చర్యము! ఇంటిలోని శిల్పమునందున్న యుగములే, అదే వరుస! రెండును ఒకే నాగరికతకు చెందినవి." చక్రధరరావు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. రాయి గుండె మీది నోటీసును మేం రంగు కింద అలాగే వదిలేశాం. దాన్ని ఆమె శాసనం అని రాసుకుంది.

రాయి బతికింది. చుట్టూ ఇనుప కంచె వచ్చింది, గడ్డి వచ్చింది, దీపం వచ్చింది. రోడ్డు దాని పక్కనుంచి వంగి పోయింది. నేను కోరుకున్నవన్నీ వచ్చాయి. అన్నింటి తర్వాత బోర్డు వచ్చింది: రక్షిత శిల్పముపై నున్న చారిత్రక వర్ణస్తరములను కడుగుట, గీరుట, తొలగించుట నాన్‌బెయిలబుల్ నేరము. చదువుతూ నేను ఆ ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాను. లోపల ఆకుపచ్చ ముద్ద ఒకటి కత్తి ఎత్తి ఉంది.

సాయంత్రం చక్రధరరావు స్వీటు పెట్టెతో మా ఇంటికి వచ్చాడు. మండలివారు పోషణ నిధి మంజూరు చేశారట. శిల్పం కాలక్రమేణా వన్నె తగ్గకుండా ఏటేటా ఒక పొర వేయాలట. అనుభవజ్ఞుడినని ఆ పనికి నన్నే గౌరవ వర్ణ సంరక్షకుడిగా నియమించారట. కాదంటే ఇంకెవరికో ఇస్తారు, వాళ్ళు ఏం పులుముతారో అని సంతకం పెట్టాను.

ఏడాదికో పొర, పొరకో శతాబ్దం. ఈ లెక్కన నేను పోయేనాటికి మా వీరుడు క్రీస్తుకు చాలా ముందటివాడవుతాడు. రాయి మీద మనిషి మాత్రం ఉండడు.

మొదటి ఏటి డబ్బాలు నిన్ననే పంపారు.